ఒకే ఇంట్లో వేరు కుంపట్లు: రెజ్లింగ్‌లో రా, స్మాక్‌డౌన్ పంపకాలు

2005 ఫిబ్రవరి 21. రింగ్ మధ్యలో ఒక టేబుల్, దాని మీద రెండు కాంట్రాక్టులు. ఒకటి రా షోది, ఇంకోటి స్మాక్‌డౌన్‌ది. రెండూ డబ్ల్యూడబ్ల్యూఈ అనే అమెరికా రెజ్లింగ్ కంపెనీ వారం వారం నడిపే టీవీ షోలే. ఆ ఏడాది రాయల్ రంబుల్ అనే పెద్ద మ్యాచ్ గెలిచిన బటిస్టా, ఏడాదిలోకెల్లా పెద్ద షో రెజిల్‌మేనియాలో ఏ షో చాంపియన్‌తో తలపడతాడో తేల్చుకుని సంతకం పెట్టాలి. రాలో చాంపియన్ ట్రిపుల్ హెచ్, బటిస్టాను తన గుంపులో చేర్చుకుని పైకి తెచ్చినవాడు. ఇప్పుడు అదే మనిషి తన బెల్టుకే ఎసరు పెడతాడేమోనని భయం పట్టుకుని, ఎలాగైనా అతన్ని స్మాక్‌డౌన్ వైపు సాగనంపాలని చూస్తున్నాడు. బటిస్టా ముందు బొటనవేలు పైకి చూపించాడు, వాళ్ల గుంపు గుర్తు అది. ట్రిపుల్ హెచ్ మొహం విప్పారింది. అప్పుడు ఆ బొటనవేలు మెల్లగా కిందికి తిరిగింది. జనం గోల మధ్య బటిస్టా ట్రిపుల్ హెచ్‌ను ఎత్తి అదే టేబుల్ మీద పడేశాడు. బటిస్టా రాలోనే ఉండిపోయాడు.

ఇదంతా ముందే రాసుకున్న కథ. అయినా ఆ సీన్ అంత బాగా పండటానికి కారణం టేబుల్ మీదున్న రెండో కాగితం. వెళ్లడానికి నిజంగా ఇంకో చోటు ఉండబట్టే అక్కడ ఉండిపోవడానికి అర్థం వచ్చింది. ఒకే కంపెనీ తన రెజ్లర్లను రెండు షోలకు పంచి, మధ్యలో గోడ కట్టి, ఇటువాళ్లు అటు వెళ్లకూడదని నియమం పెడితే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి సీన్ దొరకదు.

రెజ్లింగ్‌లో గెలుపోటములు రచయితలు నిర్ణయిస్తారని తెలిసిందే. డ్రాఫ్ట్‌లో, అంటే రెజ్లర్లను షోలకు పంచే కార్యక్రమంలో, ఎవరు ఏ షోకి వెళ్తారన్నదీ వాళ్లు రాసేదే. ఐపీఎల్ వేలంలో జట్ల యజమానులు నిజంగా పోటీపడతారు, ఇక్కడ రెండు జట్ల యజమానీ ఒక్కడే. అయితే పంపకం జరిగాక వచ్చే మార్పులు మాత్రం ఉత్తుత్తివి కావు. రచయితల బృందాలు వేరవుతాయి, టూర్లు వేరవుతాయి, ఎవరు ఏ ఊళ్లో ఏ రోజు ఉంటారన్నది మారిపోతుంది. కొందరి కెరీర్ అక్కడే లేస్తుంది, కొందరిది అక్కడే ఆగిపోతుంది.

ఈ ఏర్పాటు ఎందుకొచ్చిందో తెలియాలంటే 2001కి వెళ్లాలి. అంతకుముందు అమెరికాలో సోమవారం రాత్రి రెండు పెద్ద కంపెనీల మధ్య నిజమైన యుద్ధం నడిచింది. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (డబ్ల్యూడబ్ల్యూఈ పాత పేరు) వాళ్ల రాకి పోటీగా డబ్ల్యూసీడబ్ల్యూ 1995 సెప్టెంబరులో నైట్రో మొదలుపెట్టి, ఒక దశలో వరసగా 83 వారాలు రేటింగ్‌లో పైచేయి సాధించింది. చివరికి డబ్ల్యూసీడబ్ల్యూ చేతులెత్తేసింది. 2001 మార్చిలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అధిపతి విన్స్ మెక్‌మాన్ దాన్ని కొనేశాడు. మూడో కంపెనీ ఈసీడబ్ల్యూ కూడా ఏప్రిల్‌లో దివాలా తీసింది. దాంతో విన్స్‌కు కొత్త సమస్య వచ్చిపడింది. రెజ్లర్లేమో బోలెడంతమంది, పోటీకి మాత్రం ఎవరూ లేరు. ఎదుటివాడు లేనప్పుడు ఈ వ్యాపారం చల్లబడుతుందని అతనికి బాగా తెలుసు. కొన్న కంపెనీ పేరుతోనే ఒక షో వేరుగా నడపాలని ముందు అనుకున్నారు. 2001 జులై 2న రా చివర్లో ఆ పేరు మీద బుకర్ టీ, బఫ్ బాగ్‌వెల్‌ల మ్యాచ్ పెడితే జనం దాన్ని తిప్పికొట్టారు. ఆ ఆలోచన అక్కడితో సరి. బయట శత్రువు దొరకనప్పుడు ఇంట్లోనే ఇద్దరు అన్నదమ్ములను వేరు కుంపట్లు పెట్టించి, వాళ్ల మధ్య పోటీ పెట్టడమే మిగిలింది.

దీని వెనక టూర్ల లెక్క కూడా ఉంది. టీవీలో కనిపించేది వారానికి రెండు రోజులే. అప్పట్లో మిగతా రోజుల్లో చిన్నా పెద్దా ఊళ్లలో కెమెరాలు లేని షోలు నడిచేవి. ఒకే బృందం అయితే ఒక రాత్రికి ఒక ఊరే, రెండు బృందాలైతే రెండు ఊళ్లు, రెండు చోట్లా టికెట్ డబ్బులు. ఇది కొత్త సంగతేమీ కాదు. హల్క్ హోగన్ వెలిగిన 1980ల్లోనే కంపెనీ ఒకే రాత్రి రెండు మూడు బృందాలను వేర్వేరు ఊళ్లకు పంపేది. సురభి నాటక కుటుంబం పెరిగేకొద్దీ వేర్వేరు సమాజాలుగా విడిపోయి వేర్వేరు ఊళ్లలో డేరాలు వేసింది కదా, అలాంటిదే. 2002లో కొత్తగా చేసిందల్లా టూర్లలో ఎప్పుడూ ఉన్న ఈ చీలికను టీవీ మీదికి తెచ్చి, దాన్నే కథగా మార్చడం.

2002 మార్చి 25న పెన్సిల్వేనియాలోని బ్రైస్ జోర్డాన్ సెంటర్‌లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. రా తరఫున పాతతరం రెజ్లర్ రిక్ ఫ్లెయిర్, స్మాక్‌డౌన్ తరఫున విన్స్ మెక్‌మాన్ కూర్చున్నారు. విన్స్ మొదట పిలిచిన పేరు ద రాక్, ఫ్లెయిర్ పిలిచింది అండర్‌టేకర్. అలా చెరి పదిసార్లు టీవీలో ఎంచుకున్నారు, మిగతా పేర్లు లాటరీలో తేలాయి. ఏళ్ల తరబడి జంటగా ఆడిన డడ్లీ బాయ్స్ విడిపోయారు, బబ్బా రే రాకి, డీ-వాన్ స్మాక్‌డౌన్‌కి. ఫరూక్, బ్రాడ్‌షాలదీ అదే కథ. 2000ల్లో టెన్ స్పోర్ట్స్‌లో ఈ షోలు చూస్తూ, స్కూల్లో ట్రంప్ కార్డులు ఆడుకున్న తెలుగు పిల్లలకు కార్డులో పక్కపక్కన ఉండే వీరులు టీవీలో ఒకరికొకరు ఎదురుపడకపోవడం వింతగా అనిపించేది. దానికి కారణం ఆ రోజు కట్టిన గోడే.

గోడ కట్టగానే ఎదురైన చిక్కు బెల్టు. మనుషులను పంచగలం, ఒకే ఒక్క ప్రపంచ చాంపియన్‌షిప్‌ను ఎలా పంచడం? మొదట్లో చాంపియన్ రెండు షోలలోనూ తిరిగేవాడు. అందరికీ గోడ, ఒక్కడికి తలుపు అన్నమాట. అది ఎక్కువ కాలం సాగలేదు. 2002 ఆగస్టులో బెల్టు గెలిచిన బ్రాక్ లెస్నర్‌ను స్మాక్‌డౌన్ జనరల్ మేనేజర్ స్టెఫానీ మెక్‌మాన్ తన షోకే సొంతం చేసేసుకుంది. రా మేనేజర్ ఎరిక్ బిషాఫ్ ఊరుకుంటాడా? సెప్టెంబరు 2న ఒక బ్రీఫ్‌కేసు తెరిచి, డబ్ల్యూసీడబ్ల్యూ కాలం నాటి పెద్ద బంగారు బెల్టును బయటికి తీసి ట్రిపుల్ హెచ్ చేతిలో పెట్టాడు. మ్యాచ్ లేదు, పోటీ లేదు, ఊరికే ఇచ్చేశాడు. కథ పరంగా అది బలహీనమైన ఆరంభం. కానీ వ్యాపారం పరంగా మరో దారి లేదు. శిఖరం లేని షోకి ఎవరూ టికెట్ కొనరు. ఆ తర్వాత జంటలకిచ్చే ట్యాగ్ బెల్టులు, 2003లో పాత యునైటెడ్ స్టేట్స్ బెల్టు, ఇలా ఒక్కో షోకి ఒక్కో మెట్టు కట్టుకుంటూ పోయారు.

గోడ వల్ల అసలు లాభపడింది ఎవరు? అప్పటికే పెద్ద పేరున్నవాళ్లు కాదు. వాళ్లు ఎక్కడున్నా పైనే ఉంటారు. లాభపడింది మధ్య వరసలోవాళ్లు. దీనికి మంచి ఉదాహరణ 2004 నాటి స్మాక్‌డౌన్. ఆ ఏడాది మార్చిలో రెజిల్‌మేనియా అవగానే లెస్నర్ కంపెనీ వదిలి వెళ్లిపోయాడు. కర్ట్ యాంగిల్ గాయంతో రింగ్‌కు దూరమయ్యాడు. బిగ్ షో కూడా కొన్నాళ్లు కనిపించలేదు. రెజ్లర్లందరిదీ ఒకే జాబితాగా ఉన్న కాలమైతే పక్క నుంచి ఇంకో పెద్ద పేరును లాక్కొచ్చేవాళ్లు. గోడ ఉంది కాబట్టి ఉన్నవాళ్లతోనే సర్దుకోవాలి. అలా సర్దుకోవడంలో వాళ్ల చూపు ఏళ్లుగా జంట మ్యాచ్‌లకే పరిమితమైన బ్రాడ్‌షా మీద పడింది. అతనికి సూటు తొడిగి, కౌబాయ్ టోపీ పెట్టి, పొడవాటి లిమోజిన్‌లో తిరిగే టెక్సాస్ ధనవంతుడు జేబీఎల్‌గా మార్చేశారు. జూన్ 27న అతను ఎడీ గెరెరోను ఓడించి చాంపియన్ అయ్యాడు. చాలామంది మొదట నమ్మలేదు. కానీ బెల్టు అతని దగ్గర 280 రోజులు నిలిచింది. అంతకాలం జనం అతన్ని మనసారా ద్వేషించారు, ఎవడో ఒకడు వీడి పొగరు దించాలని ఎదురుచూశారు. ఆ ఒకడు, అదే స్మాక్‌డౌన్‌లో 2002 నుంచి మెట్టు మెట్టుగా ఎదిగిన జాన్ సీనా.

2005 ఏప్రిల్ 3న లాస్ ఏంజెలెస్‌లో రెజిల్‌మేనియా 21. సీనా జేబీఎల్‌ను ఓడించాడు. అదే రాత్రి బటిస్టా ట్రిపుల్ హెచ్‌ను ఓడించాడు. ఒకే రాత్రి ఇద్దరు కొత్త హీరోలు, తర్వాతి ఐదారేళ్లు కంపెనీని మోసిన ఇద్దరూ. ఒకే జాబితా, ఒకే బెల్టు ఉండి ఉంటే ఆ ఇద్దరిలో ఒకరు కనీసం ఏడాది ఆగాల్సి వచ్చేది. రెజ్లింగ్‌లో ఏడాది ఆగినవాడి మీద జనానికి ఆసక్తి ఉంటుందన్న గ్యారంటీ లేదు. మోకాలో భుజమో మొరాయించదన్న గ్యారంటీ అంతకన్నా లేదు. పంపకాలను ఎంత విమర్శించినా ఆ ఒక్క రాత్రిని మాత్రం దాని ఖాతాలోంచి తీసేయలేం.

రెండు నెలలకే ఇద్దరూ చోట్లు మారారు. జూన్ 6న డ్రాఫ్ట్ మొదటి పేరుగా సీనా బెల్టుతో సహా రాలో ప్రత్యక్షమయ్యాడు. స్మాక్‌డౌన్‌కు బెల్టే లేకుండా పోయింది. దాదాపు నెలరోజులు ఆ లోటును సాగదీసి, జూన్ 30న ఆరుగురి మ్యాచ్ పెట్టారు. జేబీఎల్ గెలిచి, కొత్త బెల్టు తనదేనని సంబరపడుతుండగా మేనేజర్ టెడ్డీ లాంగ్ అసలు విషయం చెప్పాడు. నువ్వు చాంపియన్‌వి కాదు, చాంపియన్‌తో తలపడబోయేవాడివి మాత్రమే అని. అప్పుడు బటిస్టా బంగారు బెల్టుతో నడిచొచ్చాడు. డ్రాఫ్ట్‌ను కథలో భాగంగా వాడటంలో కంపెనీ అంత ఓపిక మళ్లీ ఎప్పుడూ చూపించలేదు. అంతకు ఏడాది ముందే దీనికి తలకిందులుగా కూడా చేశారు. 2004 మార్చి లాటరీలో ట్రిపుల్ హెచ్ పేరు స్మాక్‌డౌన్‌కు వచ్చింది. ఆ వెంటనే బుకర్ టీ, డడ్లీ బాయ్స్‌ను ఇచ్చి అతన్ని వెనక్కి తెచ్చేసుకున్నారు. పెద్దవాళ్లకు గోడ వర్తించదని చూసేవాళ్లకు అర్థమైపోతే తర్వాతి డ్రాఫ్ట్‌కు టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుంది?

నష్టాల వైపు చూస్తే, 2003 జూన్ నుంచి చాలా నెలల్లో పే-పర్-వ్యూలను (విడిగా డబ్బు కట్టి చూసే పెద్ద షోలను) ఒక్కో షోకి ఒక్కోటిగా విడదీశారు. సగం జాబితాతో పూర్తి ధర షో. జనం డబ్బు పెట్టడానికి వెనకాడారు. 2006లో ఈసీడబ్ల్యూను మూడో షోగా బతికించి జాబితాను మరింత పలచన చేశారు. 2007 రెజిల్‌మేనియా తర్వాత అందరినీ మళ్లీ ఒకే పే-పర్-వ్యూలోకి తెచ్చారు. ఈసీడబ్ల్యూ 2010 ఫిబ్రవరిలో మూతపడింది. 2011 ఆగస్టు చివర్లో రా తలుపులు స్మాక్‌డౌన్ వాళ్లకూ తెరిచేశారు. అంతే, గోడ కూలింది. మిగిలిపోయిన రెండు ప్రపంచ బెల్టులను 2013 డిసెంబరులో రాండీ ఆర్టన్, సీనాను ఓడించి ఒకటి చేశాడు.

భారతీయ ప్రేక్షకులకు ఈ పంపకాలతో ఇంకో బంధం ఉంది. హిమాచల్ నుంచి వెళ్లిన గ్రేట్ ఖలీ 2007 జులైలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అది జరిగింది స్మాక్‌డౌన్‌లో. చాంపియన్ ఎడ్జ్ గాయంతో బెల్టు వదులుకోవడం, ఆ షోలో ఉన్నవాళ్లతోనే బాటిల్ రాయల్ (అందరూ ఒకేసారి దిగి, చివరికి మిగిలినవాడు గెలిచే మ్యాచ్) పెట్టడం, చివరికి ఖలీ మిగలడం. పదేళ్ల తర్వాత పంజాబీ మూలాలున్న కెనడా రెజ్లర్ జిందర్ మహల్‌ది కూడా దాదాపు ఇదే దారి. రాలో ఓడిపోవడానికే పెట్టినట్టుండేవాడు. 2017 ఏప్రిల్‌లో స్మాక్‌డౌన్‌కు మార్చారు. వారం తిరిగేసరికి చాంపియన్‌తో తలపడే అవకాశం గెలిచాడు. మే 21న రాండీ ఆర్టన్‌ను ఓడించి బెల్టు అందుకున్నాడు. భారత మార్కెట్ మీద కంపెనీ కన్నుండటం అందుకు ఒక కారణమని అందరూ అనుకున్నదే. కానీ మార్కెట్ ఎంత ముఖ్యమైనా అతన్ని నిలబెట్టడానికి జాగా ఉండాలి కదా. ఆ జాగా గోడకు అవతలే దొరికింది.

జిందర్‌కు దొరికిన ఆ గోడ 2016లో రెండోసారి కట్టినది. జులై 19న స్మాక్‌డౌన్ మంగళవారాల్లో లైవ్‌గా మారిన రోజే మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో డ్రాఫ్ట్ పెట్టారు. రా మూడు గంటల షో, స్మాక్‌డౌన్ రెండు గంటలది కాబట్టి రాకి మూడు పేర్లు వస్తే స్మాక్‌డౌన్‌కు రెండు. తొలి పేరు సేత్ రాలిన్స్, రాకి. తర్వాత చాంపియన్ డీన్ ఆంబ్రోస్, స్మాక్‌డౌన్‌కి. చూడటానికి రాదే బలమైన జట్టు. కానీ ఆ తర్వాతి కొన్ని నెలలు చూడబుద్ధేసింది స్మాక్‌డౌనే. చేతిలో సమయం, మనుషులు తక్కువైనప్పుడు రచయితలు ప్రతి ఒక్కరికీ ఏదో ఒక పని చెప్పాల్సి వస్తుంది. ఏజే స్టైల్స్ సెప్టెంబరులో చాంపియన్ అయ్యాడు. కంపెనీ కొత్తవాళ్లను తయారుచేసే ఎన్ఎక్స్‌టీ నుంచి అప్పుడే పైకొచ్చిన అలెక్సా బ్లిస్ డిసెంబరుకల్లా మహిళల బెల్టు గెలిచింది. ఆమెలాంటివాళ్లకు పెద్ద జాబితాలో అంత త్వరగా వంతు రాదు.

ఈసారి గోడకు బీటలు వేసింది రేటింగ్. 2019 వసంతంలో టీవీ చూసేవాళ్లు తగ్గుతుంటే, ఏప్రిల్‌లో స్మాక్‌డౌన్‌కు మార్చిన రోమన్ రెయిన్స్‌ను మే 6న మళ్లీ రాలో చూపించారు. అదే రోజు విన్స్ మెక్‌మాన్ వైల్డ్ కార్డ్ రూల్ అని ఒకటి ప్రకటించాడు. ఒక్కో షోకి ముగ్గురు అవతలివాళ్లు రావచ్చన్నాడు, కాసేపటికే ఆ ముగ్గురిని నలుగురు చేశాడు. ఒక్క రాత్రి కూడా నిలబడని నియమాన్ని జనం ఎందుకు పట్టించుకుంటారు? రోమన్ కనిపిస్తే ఆ వారం నాలుగు కళ్లు ఎక్కువ పడతాయి, నిజమే. కానీ అతను అరుదుగా దొరికే మనిషన్న భావన పోతుంది. అతని చోట ఎదగాల్సిన ఇంకెవరికో ఆ పదిహేను నిమిషాలు పోతాయి. ఈ రెండో నష్టం ఏ రేటింగ్ పట్టికలోనూ కనపడదు కాబట్టి కంపెనీ దాన్ని పదేపదే మర్చిపోతూ వచ్చింది.

మళ్లీ గోడను గట్టిపరిచింది టీవీ డబ్బు. 2019 అక్టోబరు 4న స్మాక్‌డౌన్ ఫాక్స్ చానల్‌కు మారింది. అయిదేళ్లకు దాదాపు 100 కోట్ల డాలర్ల ఒప్పందం. రా అప్పట్లో యూఎస్ఏ నెట్‌వర్క్‌లోనే ఉండేది. అంత డబ్బు పోసిన చానల్, తన షోలోవాళ్లను నాలుగు రోజుల ముందు పక్క చానల్‌లో చూపిస్తే ఒప్పుకుంటుందా? అందుకే ఆ అక్టోబరు డ్రాఫ్ట్‌లో పేర్లు ఎంచుకునేది మేనేజర్లు కాదు, చానళ్లే అన్నట్టు చూపించారు. నిజంగా అవతల వేరే యజమాని ఉన్నప్పుడే గోడ గట్టిగా నిలుస్తుంది.

బెల్టు చిక్కు మాత్రం తీరలేదు. బెల్టుకు షో పేరు పెట్టేశాక, ఆ బెల్టున్న మనిషి షో మారితే ఏం చేయాలి? 2021 డ్రాఫ్ట్‌లో స్మాక్‌డౌన్ మహిళల చాంపియన్ బెకీ లించ్ రాకి, రా మహిళల చాంపియన్ షార్లెట్ ఫ్లెయిర్ స్మాక్‌డౌన్‌కి వెళ్లారు. అక్టోబరు 22న ఇద్దరూ రింగ్‌లో నిలబడి బెల్టులు మార్చుకున్నారు. పొరపాటున మారిన పెట్టెలను స్టేషన్లో మార్చుకున్నట్టు. షార్లెట్ తన బెల్టును చేతికివ్వకుండా కింద పడేసింది. ఏళ్ల కష్టంతో గెలిచిందని చెప్పే వస్తువు కేవలం లేబుల్‌గా మిగిలిపోయిన దృశ్యం అది.

గోడ ఎప్పుడూ డబ్బుతోనే పుట్టాలని లేదు. డబ్ల్యూడబ్ల్యూఈకి పోటీ కంపెనీ ఏఈడబ్ల్యూలో అది మనుషుల మధ్య పడకపోవడం వల్ల పుట్టింది. 2022 సెప్టెంబరులో సీఎం పంక్‌కు, కంపెనీ పెద్దలు కూడా అయిన యంగ్ బక్స్, కెనీ ఒమెగాలకు తెరవెనుక గొడవ జరిగింది. 2023 జూన్ 17న షికాగోలో కొలిజన్ అనే శనివారం షో మొదలైంది, పంక్ అక్కడ, అతనితో పొసగనివాళ్లు బుధవారం డైనమైట్‌లో. డ్రాఫ్ట్ లేదు, నియమాలు లేవు. చూసేవాళ్లకు గోడ ఉందని తెలుసు, తెర మీద మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తరు. కథగా చెప్పలేని గోడ కథకు పనికిరాదు. ఆగస్టులో వెంబ్లీలో మళ్లీ తెరవెనుక గొడవై, సెప్టెంబరు 2న పంక్‌ను తీసేశారు.

డబ్ల్యూడబ్ల్యూఈలో ఆ సమయానికి వేరే చిక్కు నడుస్తోంది. 2022 ఏప్రిల్‌లో రోమన్ రెయిన్స్ రెండు షోల బెల్టులనూ ఒక్కడే పట్టుకున్నాడు. పైగా అతను ప్రతివారం వచ్చేవాడు కాదు. నెలల తరబడి రాకి సొంత ప్రపంచ చాంపియన్ లేడు. 2023 ఏప్రిల్ 24న ట్రిపుల్ హెచ్ కొత్త వరల్డ్ హెవీవెయిట్ బెల్టు చూపించి, రోమన్ ఒక షోకి వెళ్తే ఇంకో షోకి ఇది అన్నాడు. 2002లో బ్రీఫ్‌కేసులోంచి వచ్చిన బెల్టును అందుకున్న చేతులే, 21 ఏళ్ల తర్వాత అదే మందు వేశాయి. ఈసారి మాత్రం ఊరికే ఇవ్వలేదు. టోర్నమెంట్ పెట్టారు, మే 27న జెద్దాలో సేత్ రాలిన్స్ గెలిచాడు.

2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో రెండు షోలూ నెట్‌ఫ్లిక్స్‌లోనే వస్తున్నాయి. రా మనకు మంగళవారం తెల్లవారుజామున, స్మాక్‌డౌన్ శనివారం తెల్లవారుజామున. అమెరికాలో వేర్వేరు ప్రసార సంస్థలు నిలబెట్టే గోడ, ఇక్కడ ఫోన్లో పక్కపక్కనే ఉన్న రెండు బొమ్మలుగా కనిపిస్తుంది. నిజానికి అంతకుముందే హైదరాబాద్ ఆ గోడ లేని రాత్రి ఒకటి చూసింది. 2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో, 2017 తర్వాత భారత్‌లో జరిగిన మొదటి డబ్ల్యూడబ్ల్యూఈ షో అది. ఆ రోజుల్లో స్మాక్‌డౌన్‌లో కనిపిస్తున్న జాన్ సీనా, రా చాంపియన్ సేత్ రాలిన్స్ ఒకే జట్టుగా దిగి, లుడ్విగ్ కైజర్, జొవాని విన్సీ జంటను ఓడించారు. ఎవరు ఏ షోవాళ్లన్నది అక్కడ ఎవరూ అడగలేదు. రాలిన్స్ పాట మోగితే స్టేడియం మొత్తం దాన్ని ఎత్తుకుంది, సీనా వస్తే అంతకు రెట్టింపు గోల.